పుంగనూరులో నేను మెచ్చుకున్న కథ

కుప్పంలో ఒక చదువరుల బృందం నన్ను ఉపన్యాసానికి పిలిచింది. విషయం, కథల్లో వెలి, భయం. అమెరికాలోనూ దక్షిణాఫ్రికాలోనూ నల్లవాళ్లను విడిగా ఉంచిన కాలం మీద వచ్చిన కథలు, వాటి పక్కన మన కథలు. దినపత్రికలో ఆదివారం అనుబంధం బాధ్యత చూసిన రోజుల్లో ఇలాంటివి చాలా చదివాను, కొన్నిటిని అనువాదం చేయించి వేశాను కూడా. గంటసేపు కాగితం చూడకుండా మాట్లాడగలనన్న ధైర్యం ఉంది.

నేరుగా కుప్పానికే వెళ్లి రావచ్చు. ఎప్పుడూ చూడని ఊళ్లు కదా అని మదనపల్లె, పుంగనూరు మీదుగా వెళ్లాను. వెళ్లనివాళ్ల కోసం ఆ ఊళ్ల గురించి రాస్తానని ఈ పత్రికవాళ్లకు బయల్దేరక ముందే మాటిచ్చాను. టమాటాల గురించీ పొట్టి ఆవుల గురించీ వాళ్లు అనుకున్నంత రాయలేకపోతున్నాను. ఎందుకో చదివితే తెలుస్తుంది.

మదనపల్లె

బస్సు దిగేసరికి చలి. మా తెనాలిలో ఆ రోజుల్లో అప్పుడే ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఇక్కడ టీ బంకు ముందు మనుషులు చెవులకు తువ్వాళ్లు చుట్టుకుని, గ్లాసును రెండు చేతుల మధ్య పెట్టుకుని నిలబడ్డారు. టిఫిన్ హోటల్లో ఇడ్లీ పక్కన మా వైపు అల్లప్పచ్చడి వేస్తారు. వీళ్లు శెనక్కాయల ఊరిబిండి వేస్తారు. వేరుశెనగపప్పూ ఎండుమిరపకాయలూ కలిపి గట్టిగా రుబ్బిన పచ్చడి అది. రెండోసారి అడిగితే వడ్డించేవాడు నా మొహం చూసి, "కారం సూసుకోండి సార్" అన్నాడు. సూసుకోలేదు. కళ్లనీళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చాను.

టమాటా మార్కెట్ చూడకుండా ఆ ఊరు చూశాననడానికి లేదు. ప్లాస్టిక్ పెట్టెలు మనిషెత్తున పేర్చి, వాటి మధ్య సందుల్లో నడుస్తారు. వాసన పుల్లగా, కాస్త మత్తుగా ఉంటుంది. తంబళ్లపల్లె వైపు నుంచి వచ్చిన ఒక రైతును ధర అడిగాను. చెప్పాడు. మా ఊళ్లో కిలో ఎంతకు కొంటున్నామో నేను చెప్పాను. ఆయన ఒక పండును చేతిలో తిప్పుతూ ఆలోచించాడు.

"మీకూ బాగలేదు, మాకూ బాగలేదు. అంటే నడిమధ్య ఎవురికో శానా బాగుండాది సార్."

అక్కణ్ణించి మిత్రుడు రెడ్డెప్ప ఇంటికి షేర్ ఆటో ఎక్కాను. రెడ్డెప్ప కాలేజీలో తెలుగు చెప్పి రిటైరై, సొంత పెన్షనుతో ఒక చిన్న కథల పత్రిక నడుపుతున్నాడు. ఆటోలో నా ఎదుట ఇద్దరు ఆడవాళ్లు కూర్చున్నారు. దారిలో ఒక పొడుగాటి ఆఫ్రికా కుర్రాడు చెయ్యెత్తాడు. ఊరి చుట్టుపక్కల ఇంజినీరింగు చదవడానికి వచ్చినవాడు కాబోలు. అతను వంగి లోపలికి చూడగానే ఆడవాళ్లిద్దరూ జరిగి, ఉన్న చోటంతా పరుచుకుని కూర్చున్నారు. డ్రైవరు అతణ్ణి తన పక్కన ఇరుకులో కూర్చోబెట్టుకున్నాడు. ఒక కాలు బయటే ఉంది. ఉపన్యాసం మొదలుపెట్టడానికి మంచి దృశ్యం దొరికిందనుకున్నాను. మనసులో వాక్యం కూడా కూర్చుకున్నాను. దిగేచోటు వచ్చాక ఆ కుర్రాడు అచ్చం ఈ ఊరివాడిలా, "అన్నా, ఈడ నిలుపు" అని దిగిపోయాడు. కాసేపటికి నేనూ దిగబోతూ సంచి కోసం చెయ్యి చాపాను. అది నా పక్క సీటులో, ఒక మనిషి పట్టేంత చోట్లో కూర్చుని ఉంది. ఆ వాక్యాన్ని ఉపన్యాసంలోంచి తీసేశాను.

మధ్యాహ్నం రెడ్డెప్ప ఇంట్లో రాగిసంగటి, ఆకుకూర పప్పు. సంగటిని నమలకూడదు, మింగాలి అని వాళ్లావిడ రెండుసార్లు చెప్పింది. నేను నమిలాను. భోజనమయ్యాక ఆటో సంగతి చెప్పాను, సంచి సంగతితో సహా. రెడ్డెప్ప నవ్వలేదు.

"ఆ పిల్లోళ్లకు ఊర్లో బాడిగిల్లు దొరకదప్పా," అన్నాడు. "రంగు కనబడతాది కాబట్టి సూస్తానే లేదంటారు. మనోళ్లకు రంగు లేదు. అడిగితేగానీ కులం తెలీదు. దానికే అడగతారు."

కుప్పంలో నేను ఎక్కువసేపు చెప్పదలచుకున్నది సరిగ్గా ఆ దాపరికం గురించే. రంగు కాస్త తక్కువగా ఉన్న నల్లవాళ్లు కొందరు ఊరు మార్చి, తెల్లవాళ్లమని చెప్పుకుని, తెల్లవాళ్ల వీధిలో ఇల్లు తీసుకుని బతికేవారు. వాళ్ల మీద ఒక తరహా కథలే వచ్చాయి. వాటిలో కొట్టడం, చంపడం తక్కువ. తలుపు ఎవరో కొడతారు, లోపలివాళ్లు ఊపిరి బిగబడతారు. కథంతా అంతే.

తెలుగులో అలాంటి కథ ఒకటి రెడ్డెప్ప పత్రికలోనే వచ్చింది. కలంపేరుతో వచ్చింది. నా లెక్కలో ఈ మధ్య వచ్చిన కథల్లో అంతకంటే మంచిది లేదు. రాసినామె పుంగనూరులో ఉంటుందని రెడ్డెప్ప ఆమె అసలు పేరూ ఫోన్ నంబరూ ఇచ్చాడు, పత్రిక ఒకసారి ఏ వీధికి పంపాడో కూడా చెప్పాడు. నేను ఫోన్ చేస్తే ఆమె సంతోషపడింది. మర్నాడు నాలుగు గంటలకు పుంగనూరు బస్టాండు పక్క హోటలుకు రమ్మంది. ఇంటికి వస్తానన్నాను. వద్దు సార్, హోటలుకే రండి అంది. ఆడమనిషి, మొహమాటమో, ఇల్లు ఇరుకో అనుకున్నాను. కథంతా మూడుసార్లు చదివినవాణ్ణి, ఆ ఒక్క మాటను చదవలేకపోయాను.

పుంగనూరు

మర్నాడు పుంగనూరులో దిగేసరికి మధ్యాహ్నం కూడా కాలేదు. ముందు ఆవుల్ని చూద్దామని ఊరి అంచుకు నడిచాను. ఒక ఇంటి ముందు రెండు దూడలు కట్టేసి ఉంటే, వీటి తల్లి ఏదమ్మా అని అడిగాను. ఇంటావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అవే తల్లులట. వాటి దూడలు ఇంట్లో మంచం కింద పడుకున్నాయట. చూపించింది కూడా. పాలు చిక్కగా ఉంటాయని ఒక గ్లాసు ఇచ్చి, డబ్బిస్తే తీసుకోలేదు. మా వైపు పాలు ఊరికే పోసే ఇల్లు నేను చూసి చాలా కాలమైంది.

అక్కడితో ఆగి హోటల్లో కూర్చుని ఉంటే ఈ యాత్ర ఆవుల దగ్గరే ముగిసేది.

రిపోర్టరుగా చేరిన కొత్తలో మాకు నేర్పింది ఒకటుంది. మనిషి రమ్మన్న చోటికి కాదు, మనిషి ఉండే చోటికి వెళ్లు. చెప్పిన వేళకంటే ముందు వెళ్లు. ఇంట్లోవాళ్లకంటే ముందు పక్కవాళ్లతో మాట్లాడు. ఉద్యోగమంతా అలాగే పనిచేశాను, ఆ అలవాటుతోనే మంచి పేరు తెచ్చుకున్నాను. చేతిలో ఇంకా పొద్దుంది, వీధి పేరు తెలుసు. ఊరికే ఇల్లు ఎలాంటిదో చూసి వద్దామని బయల్దేరాను.

ఇక్కణ్ణించి పేర్లు మార్చాను. ఉద్యోగం, వీధి చెప్పడం లేదు. ఇలా మార్చి రాయడానికి ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఆమెను సుగుణ అంటాను. సర్కారు ఆఫీసులో గుమాస్తా. భర్త పక్క మండలంలో ఉద్యోగం. ఒక కూతురు, పదో తరగతి.

ఇరువైపులా అరుగుల ఇళ్లున్న శుభ్రమైన వీధి అది. ప్రతి గుమ్మం ముందూ నీళ్లు చల్లి ముగ్గు వేసి ఉంది. నడిమధ్యలో ఒక చిల్లర అంగడి. ఆమె పేరు చెప్పి అడిగితే అంగడాయన మొహం విప్పారింది. సుగుణవాళ్లు ఆయన ఇంట్లోనే బాడిగకు ఉన్నారట, మేడమీద. ఇప్పుడు ఆఫీసులో ఉంటుంది, కూర్చోండి అని స్టూలు వేశాడు. ఆయన పేరు రామచంద్రయ్య అనుకుందాం. లోపల్నుంచి కాఫీ తెప్పించాడు. మంచి కాఫీ. ఏ ఊరు, ఎంతమంది పిల్లలు అని అడిగాడు. ఆమెకు మీరేమవుతారు అని అడిగాడు.

ఏమీ కాను, ఆమె చాలా గొప్ప కథ రాసింది, ఆమెను చూడాలని వచ్చాను అన్నాను.

ఆయన తూకం ఆపేశాడు. "మా ఇంట్లో కథలు రాసే ఆమె ఉండాదా? చెప్పనేలేదు సూడండి," అన్నాడు. లోపలికి తిరిగి వాళ్లమ్మకు కూడా వినిపించాడు. అద్దెకున్నామె గురించి నిజంగా గర్వపడ్డాడు. దేని గురించి కథ అని అడిగాడు.

చెప్పాను. ఒక మనిషి శ్రద్ధగా వింటుంటే నాకు ఎప్పుడూ ఉత్సాహం వస్తుంది. పల్లె నుంచి ఉద్యోగం మీద టౌనుకు వచ్చిన ఒక దళిత స్త్రీ కులం చెప్పకుండా మంచి వీధిలో ఇల్లు తీసుకుంటుంది. ఆమె భయమంతా ఎవరి గురించో కాదు, సొంత తల్లి గురించే. తల్లి పల్లె నుంచి చూడటానికి వస్తుంది. పెద్దవాళ్ల వీధిలో చెప్పులేసుకుని నడిచి ఎరగని మనిషి. వీధి మొదట్లోనే చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంటుంది. అరుగు ఎక్కదు, కింద మట్టిలో కూర్చుంటుంది. ఎవరూ ఏమీ అడగకముందే ఆమె ఒళ్లే అన్నీ చెప్పేస్తుంది. కూతురు గుమ్మంలో నిలబడి, చెప్పులేసుకునే రామ్మా, చెప్పులేసుకునే రా అని లోగొంతుకతో బతిమాలుతుంది. తల్లికి వినపడదు.

అంతటితో ఊరుకున్నానా అంటే, లేదు. విమర్శకులు కథను మెచ్చుకునేటప్పుడు అనే మాట ఒకటుంది. అది కూడా అన్నాను. "కూర్చుని కల్పిస్తే ఇలా రాదండీ. సొంత బతుకైతే తప్ప ఇంత నిజంగా రాయలేరు."

రామచంద్రయ్య తక్కెడలో ఉన్న పప్పును తిరిగి డబ్బాలో పోశాడు. డబ్బా మూత బిగించాడు. తర్వాత నన్ను కాకుండా వీధిని చూస్తూ మాట్లాడాడు.

"పోయిన నెల వాళ్లమ్మ వచ్చింది సార్, సోమల నుంచి. నేను ఈడే ఉండాను. యాలమ్మా ఎండలో కూసున్నావు, పైకి రా అన్నాను. నవ్వింది. చెప్పులు ఒళ్లో పెట్టుకోనుండింది. పల్లెటూరి పెద్దామె, అలవాటేమోలే అనుకున్నాను."

కాఫీ గ్లాసు నా చేతిలోనే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఆయనకు కోపం వచ్చి ఉంటే ఏమైనా వాదించేవాణ్ణేమో. ఆయన మొహంలో కోపం లేదు. భయం ఉంది. తన తల్లి మడి, దేవుని గది, ఎదురింటివాళ్లు, పక్కింటివాళ్లు, ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి ఆయన కళ్లముందుకు వస్తున్నట్టు కనబడింది. తనకేమీ పట్టింపు లేదనీ, వీధిలోవాళ్లు తనను బతకనివ్వరనీ మెల్లగా అన్నాడు. నేను లేచి వచ్చేశాను. వీధి చివరిదాకా ముగ్గులు తొక్కకుండా నడిచాను. ఆ జాగ్రత్త ఒక్కటే మిగిలింది నా దగ్గర.

బస్టాండు పక్క హోటలు

సుగుణ చెప్పిన వేళకు వచ్చింది. నలభై ఇంకా నిండని మనిషి, నవ్వితే ఒక బుగ్గ మాత్రమే కదులుతుంది. తన కథను ఒకరు మెచ్చి మాట్లాడటం అదే మొదటిసారి అంది. మసాలా దోసె తినమని బలవంతం చేసింది, ఇక్కడ ఎర్ర కారం పూస్తారు సార్, మీ వైపు ఉండదు అంది. నాకు తినబుద్ధి కాలేదు. ఎలా చెప్పాలో తెలియక ఉపన్యాసంలోకి దాక్కున్నాను. తెల్లవాళ్లుగా బతికిన నల్లవాళ్ల కథల గురించి చెప్పాను. ఆమె చెంప మీద చెయ్యి పెట్టుకుని విన్నది. వాళ్లు కూడా అద్దె ఇళ్లలోనేనా అని అడిగింది. ఆ కథల్లో ప్రమాదం తెచ్చేది శత్రువు కాదమ్మా, అని మొదలుపెట్టి అక్కడ ఆగిపోయాను.

చెప్పేశాను. వీధికి వెళ్లాను, అంగడిలో కూర్చున్నాను, ఆయనకు కథ చెప్పాను.

ఆమె నీళ్ల గ్లాసును రెండు చేతులతో పట్టుకుంది. అరవలేదు, ఏడవలేదు. ఏ మాటలు చెప్పానో వరసగా చెప్పమంది. కోర్టులో సాక్షిలాగా ఒక్కటీ వదలకుండా చెప్పాను. చివరి వాక్యం దగ్గర నన్ను ఆపి మళ్లీ చెప్పించుకుంది.

"నాలుగు గంటలకు, హోటలుకు అని యాల చెప్పినాను సార్?"

ఆమె బయటికి వెళ్లి భర్తకు ఫోన్ చేసింది. అద్దాల తలుపు అవతల ఆమె పెదవులు కదలడం కనిపించింది, ఎక్కువ మాట్లాడలేదు. తిరిగి వచ్చి కూర్చుని, ఈ ఇంటికంటే ముందటి రెండిళ్ల సంగతి చెప్పింది. ఒకచోట అడిగితే నిజం చెప్పారు, ఇల్లు ఇవ్వలేదు. ఇంకోచోట చెప్పలేదు, తెలిశాక నీళ్ల మోటారు ఆపేశారు. ఇక్కడ అడిగినప్పుడు భర్త ఏదో గొణిగాడు, ఆయన ఏదో అర్థం చేసుకున్నాడు. కూతురు పరీక్షలు మార్చిలో. ఈ రెండు నెలల్లో ఇల్లు వెతుక్కోవడం, ఊరంతా తిరిగి మళ్లీ అదే ప్రశ్నకు నిలబడటం ఆ పిల్ల ముందు చేయలేనని అంది. పిల్ల మొదటి ర్యాంకుల్లో ఉంది. కిందటిసారి మోటారు ఆపినప్పుడు ఆ పిల్లే బిందెలు మోసింది, సగం సంవత్సరం చదువు పోయింది.

ఏం చేయమంటే అది చేస్తానన్నాను.

"మీరు తిరిగి పోవాల సార్. పోయి, అంతా కల్పించి రాసిందని చెప్పాల."

"నీ కథ అబద్ధమని చెప్పాలా అమ్మా?"

"కథ అంటే అబద్ధమనే కదా ఆయన అనుకునేది. నిజమని మీరు చెప్పినారు."

మళ్లీ అంగడికి

అంగడిలో గిరాకీ తగ్గేదాకా ఎదుట నిలబడ్డాను. రామచంద్రయ్య నన్ను చూసి మళ్లీ స్టూలు వేశాడు, ఈసారి కాఫీ తెప్పించలేదు. లోపల గుమ్మంలో వాళ్లమ్మ కూర్చుని వత్తులు చేస్తోంది.

నేను జీవితంలో వార్తలు దిద్దాను, శీర్షికలు పెట్టాను, రాతల్లో అబద్ధం పట్టుకునేవాడినని పేరుండేది. ఆ పూట నోరు విప్పితే అబద్ధాలు ఒకదాని వెనక ఒకటి చక్కగా వచ్చాయి. పత్రికవాళ్లు ఈ విషయం మీదే కథలు కావాలని అడిగారన్నాను. ఆఫీసులో ఎవరిదో అనుభవం విని రాసిందట, నేనే అది ఆమె సొంత బతుకనుకుని పొరబడ్డానన్నాను. ఆయన తల ఊపాడు గానీ నమ్మలేదు.

"మరి వాళ్లమ్మ ఆ పొద్దు కిందనే కూసుండింది కద సార్?"

మోకాళ్ల నొప్పులండీ, మెట్లెక్కలేదు, చెప్పులు కరుస్తుంటే విప్పేసి ఉంటుంది అన్నాను. ఆ తల్లిని నేను ఎన్నడూ చూడలేదు. ఆమె మోకాళ్లను తాకట్టు పెట్టాను.

ముసలావిడ వత్తులు ఆపి నన్ను చూసింది. కొడుకు అడగడానికి మొహమాటపడుతున్నాడని గ్రహించినట్టుంది, ఆవిడే అడిగింది.

"మీరేమిటోళ్లు నాయనా?"

ఇంటిపేరు చెప్పాను. ఇంటిపేరుతో తెలియకపోతే కులం కూడా చెప్పాను. ఎక్కడా చెప్పను, చెప్పుకోవడం తప్పు అని ఎందరికో ఉపన్యాసాలిచ్చినవాణ్ణి. ఆ అంగడిలో దాన్ని చెల్లే నోటులాగా తీసి పెట్టాను. అది చెల్లింది. రామచంద్రయ్య భుజాలు దిగాయి.

"అట్ల చెప్పండి సార్. మీ అంతటోళ్లు వచ్చి ఆమె కోసరం స్టూలు మీద కూసున్నారంటే అప్పుడే తెలుసుకోవాల్సింది నేను." ఒక క్షణం ఆగి అడిగాడు. "ఆమె గూడా మీవాళ్లేనా?"

నేను నవ్వాను. ఆ నవ్వును ఆయన అవుననుకున్నాడు. అనుకోనిచ్చాను.

ముసలావిడ లోపలికి పిలిచి కాఫీ ఇప్పించింది. మంచి కాఫీ. వెళ్తుంటే రామచంద్రయ్య బెల్లం పాకం పట్టిన శెనక్కాయల ఉండలు పొట్లం కట్టి ఇచ్చి, డబ్బు వద్దన్నాడు. పొద్దున ఆవుల ఇంటావిడ కూడా డబ్బు తీసుకోలేదు. అయితే ఆవిడ నన్ను ఏమీ అడగలేదు.

వీధి మలుపులో సుగుణకు ఫోన్ చేసి, నమ్మాడు అన్నాను. ఎలా నమ్మాడని అడగలేదు. బహుశా తెలుసు. రెండు మాటలు మాత్రం అంది. పరీక్షలయ్యాక తామే ఖాళీ చేస్తామంది. కుప్పంలో తన కథ మాట ఎత్తవద్దంది, రామచంద్రయ్య తమ్ముడి కూతురు అక్కడే చదువుతోందట.

వి.కోట దారి

మర్నాడు పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం పోయే బస్సులో కిటికీ దగ్గర సీటు దొరికింది. మంచి దారి. బండలగుట్టలు, మల్బరీ తోటలు, మధ్యలో అడవి. ఏనుగులు దాటే చోటని బోర్డులున్నాయి. కండక్టరు మొదట తెలుగులో టిక్కెట్లిచ్చి, వి.కోట దాటాక ఒకరితో కన్నడంలో, ఇంకొకరితో అరవంలో చిల్లర గొడవ పెట్టుకున్నాడు. ఒకే మనిషి మూడు భాషల్లో విసుక్కోవడం మా వైపు దొరకని ముచ్చట. పక్కనున్న రైతు పోయిన వారం ఏనుగులు తన రాగి చేను తొక్కిన సంగతి చెప్పాడు. రాత్రంతా మంట వేసి, డబ్బాలు కొట్టారట. అయినా ఏనుగును తిట్టకూడదు సార్, వింటాది అన్నాడు.

ఇంకో యాత్రలో అయితే ఈ దారి మీదే రెండు పుటలు రాసేవాణ్ణి. అప్పుడు ఒళ్లో ఉండల పొట్లం ఉంది. తినలేక, పారేయలేక ఆ రైతుకు ఇచ్చాను. పిల్లలకు అన్నాడు.

కుప్పం

కుప్పం చిన్న ఊరు. స్టేషనులో ఆగే బళ్లు కొన్ని బెంగుళూరుకు, కొన్ని మద్రాసుకు పోతాయి కాబట్టి మాత్రం ఎక్కడెక్కడి మనుషులో కనిపిస్తారు. ఉపన్యాసం రోజు ఉదయం ఒక మెస్సులో అరిటాకు మీద పొంగలి తిన్నాను. నేయి అడక్కుండా రెండోసారి వేశారు. నిర్వాహకులు మంచివాళ్లు, అతిగా గౌరవించే రకం. శాలువా ముందే కప్పేశారు, ఉపన్యాసమంతా అది భుజం మీంచి జారుతూనే ఉంది.

హాల్లో నలభైమంది దాకా ఉన్నారు, సగం కాలేజీ పిల్లలు. నల్లవాళ్లను బస్సులో వెనక సీట్లకు పంపిన కథలు చెప్పాను, రంగును బట్టి పెట్టిన రెండు కుళాయిల కథలు చెప్పాను. దాచుకుని బతికినవాళ్ల కథలు చెబుతుంటే హాలు నిశ్శబ్దమైంది. నా గొంతు నాకే బాగా వినిపించింది. మన కథల వంతు వచ్చేసరికి పాతవి నాలుగు చెప్పి, అందరికీ తెలిసినవే చెప్పి ముగించాను. రెడ్డెప్ప కూడా వచ్చి మూడో వరసలో కూర్చున్నాడు. తన పత్రిక పేరు వస్తుందని ఎదురు చూశాడు. రాలేదు. అతనికి ఇంకా ఏమీ చెప్పలేదు నేను.

ప్రశ్నలప్పుడు వెనక నుంచి ఒక అమ్మాయి లేచింది. రామచంద్రయ్య తమ్ముడి కూతురు ఈమేనేమో తెలియదు, ముందు వరసలో కూర్చున్న ఇంకొకామేనేమో తెలియదు. హాల్లో ప్రతి ఆడపిల్లనూ అదే అనుమానంతో చూశాను. ఆ భయం ఎలా ఉంటుందో గంటసేపు వివరించినవాడికి, అది ఎదుటి మొహాలన్నీ ఎలా వెతికిస్తుందో అప్పుడు తెలిసింది. నాకు పోయేదేమీ లేదు. సుగుణకు రోజూ ఉండేది అదే కదా అనుకున్నాను.

"దాచిపెట్టుకొని బతికేటోళ్ల కథలు మన తెలుగులో లేవా సార్?" అని ఆ అమ్మాయి అడిగింది.

నాకు తెలిసినంతలో లేవన్నాను.

"ఉండాది సార్ ఒకటి. నేను చదివినాను. వాళ్లమ్మ చెప్పులు చేత్తో పట్టుకొని వీధిలో కూసుంటాది, కూతురు లోపల్నుంచి పిలస్తా ఉంటాది. మీరు చదవలేదా?"

రెడ్డెప్ప నవ్వుతూ నావైపు చూశాడు, ఇప్పుడైనా చెప్పు అన్నట్టు.

"లేదమ్మా. నేను చదవలేదు."

రెడ్డెప్ప నవ్వు అలాగే ఉండిపోయింది, కాసేపటికి తల దించుకున్నాడు. ఆ అమ్మాయికి నా మీద జాలి కలిగింది. ఇంత చదివిన మనిషి ఆ కథ చదవకపోవడం ఏమిటని బాధపడింది కూడా. మీటింగు అయ్యాక నా దగ్గరకొచ్చి, పేజీలు ఫొటోలు తీసి ఫోన్లో ఉంచుకున్నాననీ, నంబరిస్తే పంపుతాననీ అంది. రాసినామె ఎవరో తెలియదట, కానీ ఎక్కడున్నా బాగుండాలంది. నంబరు ఇచ్చాను.

రెడ్డెప్ప స్టేషను దాకా వచ్చాడు. ప్లాట్‌ఫారం మీద నిలబడి జరిగింది చెప్పాను. విని, బండి ఏ పెట్టె అని అడిగి, సంచి ఎక్కించి వెళ్లిపోయాడు.

బండి కదలక ముందే ఫోన్ మోగింది. ఎనిమిది ఫొటోలు, కొంచెం వంకరగా తీసినవి. ఒకదాని అంచున ఆ అమ్మాయి బొటనవేలు పడింది. వాటి కింద, అందినాయా సార్, తప్పకుండా చదవండి, అని రాసింది.

అందాయమ్మా, చదువుతాను, అని రాశాను.